పీట మీద తడి

పురాణం చదివేచోట ఒక పీట ఖాళీగా వెయ్యాలి. అది అప్పలనరసింహంగారి ఇంటి ఆచారం. రామకథ చదివిన ప్రతిచోటికీ ఆంజనేయస్వామి వచ్చి వింటాడని కదా మనవాళ్ళ నమ్మకం. అందుకని చదివేవాడి కుడిపక్కన ఒక పీట వేసి, దాని పక్కన గ్లాసుడు నీళ్ళు పెట్టి, "స్వామీ, విచ్చేసి వినవయ్యా" అని పేరుపెట్టి పిలిచి, అప్పుడు పుస్తకం విప్పుతారు. జీడివలస రామకోవెల అరుగు మీద ఆయన తాతా, తండ్రీ అలాగే చదివారు. పేరుపెట్టి పిలవకుండా పీట వెయ్యకూడదని తండ్రి చెప్పేవాడు. ఎందుకని ఈయన అడగలేదు. ఆ రోజుల్లో అలాంటివి అడిగే అలవాటు లేదు.

నరసింహంగారికి యాభై ఎనిమిదేళ్ళు. నెల్లిమర్ల దగ్గర ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీలో పని. పుస్తకాలు ఇవ్వడం, తీసుకోవడం, చిరిగినవాటికి అట్టలు వెయ్యడం. కాపురం కూడా నెల్లిమర్లలోనే. ఏకాదశికో, కల్యాణానికో జీడివలస వెళ్ళి వస్తారు గాని అక్కడ పురాణం చదవడం మానేసి ఏళ్ళయింది. వినేవాళ్ళు లేరు. ఆఖరి ఏడు ఇద్దరు ముసలమ్మలు వస్తే అందులో ఒకామె నిద్రపోయింది.

అలాంటి మనిషిని ఈ మాఘమాసంలో కౌముది మేడమ్ మళ్ళీ ఆ అరుగు ఎక్కించింది. ఆవిడ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. "ఊరంతా ఒక పుస్తకం" అని ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. విద్యార్థులూ, మాస్టర్లూ, ఒక ఊరివాళ్ళూ కలిసి ఒకే పుస్తకం చదవాలి. చదివిన దాని గురించి కూర్చుని మాట్లాడుకోవాలి. పుస్తకం పేరు "జీడివలస నీళ్ళు". విద్యార్థులే మూడేళ్ళు ఇంటింటికీ తిరిగి, పెద్దవాళ్ళ మాటలు ఫోన్లో పట్టుకుని, ఒక్క ముక్క మార్చకుండా రాసి, స్పైరల్ బైండింగు చేయించారు. ఎనిమిది అధ్యాయాలు. ఎనిమిది లక్ష్మివారాలు, అంటే గురువారాలు, సాయంత్రం నాలుగు గంటలకి.

"ఊళ్ళో సగంమందికి చదువు రాదు నరసింహంగారూ. మీరు చదివితే వింటారు. మీ గొంతు వాళ్ళకి తెలుసు," అంది కౌముది.

ఆ మాటకి ఆయన పొంగిపోయారు. ఎవరైనా పొంగిపోతారు.

మొదటి లక్ష్మివారం అరవైమంది వచ్చారు. నరసింహంగారు కాళ్ళు కడుక్కుని, దీపం వెలిగించి, చాప మీద కూర్చున్నారు. చెయ్యి అలవాటు కొద్దీ పీట వేసింది, నీళ్ళు పెట్టింది. పిలవబోయేసరికి మాట ఆగింది. బోరింగుల గురించి, ఊరి పక్కన పారే గెడ్డ గురించి రాసిన పుస్తకం వినడానికి స్వామిని పిలవడం ఏం బాగుంటుంది? వేసిన పీట తీసెయ్యడానికీ మనసొప్పలేదు. "వినాలని ఉన్నవారు ఎవరైనా వచ్చి కూర్చోండి," అనేసి పుస్తకం తీశారు.

ఊరి మాటలు పుస్తకంలోంచి పంతులుగారి గొంతులో వినబడేసరికి జనం ఒకటే నవ్వు. బడిలో మధ్యాహ్న భోజనం వండే అసిరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఓలమ్మా, నా మాట పుస్తకంలో పడిపోనాది. ముందల సెప్తే ఇంకో రెండు మంచి మాటలు ఆడుదును కదేటి."

"నీకాడ మంచి మాటలెక్కడున్నాయే," అన్నాడు ఆమె అన్న జగన్నాధం, గోడకి చేరబడి. రెండేళ్ళ కిందట పెళ్ళాం బుల్లమ్మ పోయింది మొదలు అతను పదిమందిలోకి రావడం అదే మొదటిసారి.

చదువు ముగిసి లేచేటప్పుడు చూస్తే గ్లాసులో నీళ్ళు సగమే ఉన్నాయి. ఏ పిల్లో తాగి ఉంటుంది అనుకున్నారు.

రెండోవారం నీళ్ళు మొత్తం అయిపోయాయి. పీట మీద తడి ఉంది.

ఫాల్గుణం దగ్గరపడుతోంది. వాన లేదు, మంచు కూడా వెనక్కి తగ్గింది. అరుగు మీద రాయి ఎండకి వెచ్చగా ఉంది. పీట మీద మాత్రం ఎవరో తడిచీరతో కూర్చుని లేచినట్టు గుండ్రంగా మరక. పీట ముందు నేల మీద రెండు మడమల గుర్తులు. ఎడమపక్కన ఒక అరచేయి, వేళ్ళు బాగా విడదీసి ఆనించినట్టు.

"ఎవులో తడిబట్టతోటి కూకున్నట్టున్నారు పంతులుగారు," అంది అసిరమ్మ. "నాను మీ ఎదురుగానే ఉన్నాను. ఎవులూ రాలేదే."

జగన్నాధం దగ్గరికి వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత భుజం మీద తువ్వాలు తీసి, ముందు ఆ అరచేతి గుర్తుని, తర్వాత మడమలని, చివరికి పీటని తుడిచాడు. పసిపిల్ల ముఖం తుడిచినట్టు మెల్లగా తుడిచాడు. తువ్వాలు మడత పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి నరసింహంగారు భార్యకి చెప్పారు. లక్ష్మీకామేశ్వరి కంచాలు తీస్తున్నదల్లా ఆగింది.

"పీట వేసి ఎవరిని పిలిచారు?"

"ఎవరినీ లేదు. వినాలని ఉన్నవారు రండి అన్నాను."

"మావయ్యగారు వద్దనేవారు కదండీ, అలా వెయ్యొద్దని."

"వచ్చేవారం వెయ్యను."

"వద్దు. వెయ్యండి," అంది ఆవిడ. "రమ్మన్నాక పీట తీసెయ్యడం మర్యాదేనా?"

పుస్తకాన్ని ఆయన ముందుగా చదవలేదు. పురాణం చదివేవాళ్ళకి ముందు చదువుకోవడం అలవాటుండదు, కథ తెలిసినదే కాబట్టి. ఇప్పుడు మిగతా అధ్యాయాలు తీశారు. నాలుగోది ఊరి బోరింగుల గురించి. మూడు బోరింగులు. రెండింటికి పన్నెండేళ్ళ కిందట పరీక్ష చేసినవాళ్ళు ఎర్ర రంగు వేశారు, వాటి నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. మూడోది కోవెల ముందరిది. దానికి రంగు లేదు, పసుపూ కుంకుమా ఉన్నాయి. అది మంచి నీరని ఊరి నమ్మకం. దాని నీళ్ళు కాలేజీవాళ్ళు పరీక్షకి పంపారు, జవాబు ఇంకా రాలేదు. ఆరో అధ్యాయం పేరు "బుల్లమ్మ మాటలు". అది చదివి ఆయన పుస్తకం మూసి, వీధి అరుగు మీదకి వెళ్ళి కూర్చున్నారు.

ఆ పన్నెండేళ్ళ కిందటి మధ్యాహ్నం ఆయన కోవెల్లో ఉన్నారు. ఊరంతా నూర్పుల్లో ఉంది. రంగు డబ్బాతో వచ్చిన మనిషి మూడో బోరింగుకి కూడా ఎర్ర రంగు పూసి, చదువుకున్న మనిషి ఎవరూ కనబడక ఈయన దగ్గరికి వచ్చాడు. "ఈ నీళ్ళు తాగకూడదు, వండకూడదు. ఎముకలు పాడైపోతాయి. ఊరికి మీరు చెప్పండి," అన్నాడు. ఈయన సరేనన్నారు. పది రోజుల్లో కల్యాణం. ఇదొక్కటీ పోతే ఆడవాళ్ళు మైలు దూరం గెడ్డ అవతల నేలబావికి నడవాలి. గంగ కదా, గంగకి దోషమేమిటి, ఉన్నా పూజతో పోదా అనుకున్నారు. జనం పొలాల నుంచి రాకముందే బోరింగుకి నీళ్ళు పోసి, రంగు ఆరకముందే దాని మీద పసుపు మెత్తి, కొబ్బరికాయ కొట్టి, తాను దోసెడు తాగారు. తియ్యగా ఉన్నాయి. కల్యాణం కాగానే చెబుదాం అనుకున్నారు. కల్యాణం అయ్యింది. ఆ తర్వాత ఏటేటా ఆడవాళ్ళే బోరింగుకి పసుపు రాయడం మొదలుపెట్టారు. రాయవద్దని ఏమని చెబుతారు?

ఆ మధ్యాహ్నం బోరింగు దగ్గర బిందె పెట్టుకుని ఒకే ఒక్క మనిషి నిలబడి ఉంది. బుల్లమ్మ.

మూడోవారం, నాలుగోవారం పీట తడిసింది. జనం అలవాటు పడ్డారు. ఎవరూ పీటకి అడ్డంగా కూర్చోవడం లేదు. తల్లులు పిల్లల్ని అటు పోనివ్వడం లేదు. భయపడుతున్నారా అంటే, అదీ కాదు. ఇంట్లో పెద్దవాళ్ళు పడుకుని ఉంటే మనం ఎలా నడుస్తామో అలా నడుస్తున్నారు.

అయిదోవారం చదువయ్యాక బడిపిల్లలు పాట పాడారు. ముందువరసలో ఒక పిల్ల నవ్వింది. పళ్ళ మీద అడ్డంగా ముదురు గోధుమరంగు చారలు. నరసింహంగారు తల తిప్పుకున్నారు.

కౌముది సంచీ సర్దుకుంటూ అడిగింది. "వచ్చేవారం బుల్లమ్మగారి అధ్యాయం. మా విద్యార్థిని ఝాన్సీ రికార్డు చేసింది, ఆవిడ పోవడానికి నెల ముందు. ఆవిడకి ఏదో తెలుసు నరసింహంగారూ. మీరు ఇక్కడికి వస్తూపోతూ ఉండేవారు కదా. ఈ బోరింగుని ఎవరైనా పరీక్ష చేశారేమో మీకేమైనా తెలుసా?"

"తెలీదమ్మా," అన్నారాయన.

అన్నాక ఆ మాట నోట్లో అలాగే ఉండిపోయింది. బస్సులో మంచినీళ్ళు తాగినా పోలేదు. చెబితే ఏమవుతుంది? పంతులుగారని లేచి నిలబడే ఊరు ఇంక లేవదు. తండ్రి పేరు పోతుంది. ఇన్నేళ్ళకి మళ్ళీ దొరికిన అరవైమంది శ్రోతలు పోతారు. చెప్పకపోతే? పరీక్ష జవాబు ఎలాగూ వస్తుంది కదా, అదే చెబుతుంది కదా అని మనసుకి చెప్పుకున్నారు. ఎప్పుడు వస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు. నలభై రెండుమంది పిల్లలు రోజూ మధ్యాహ్నం ఆ నీళ్ళతో వండిన అన్నం తింటున్నారు.

ఆరోవారం ఆయన ఆరో అధ్యాయం దాటేశారు. పురాణం చెప్పేవాళ్ళకి అది తెలిసిన విద్యే. రెండు ఘట్టాలు కలిపేసి కథ ముందుకి నడిపిస్తే వినేవాళ్ళకి తెలియదు. ఆ రోజు కౌముది కాలేజీ పని మీద విజయనగరం వెళ్ళింది. ఎవరూ ఏమీ అనలేదు.

ఆయన చదువుతుండగా బోరింగు కొడుతున్న చప్పుడు మొదలైంది. కిర్రు, ధబ్. కిర్రు, ధబ్. ఎవరో బిందె నింపుకుంటున్నారు అనుకున్నారు. బిందె నిండేంత సేపయ్యింది. రెండు బిందెలు నిండేంత సేపయ్యింది. చప్పుడు ఆగలేదు. ఎండ ఇంకా కోవెల గోడ మీదే ఉంది, అందరి ముఖాలూ స్పష్టంగా కనబడుతున్నాయి, ఎవరూ అటు తిరగడం లేదు.

"ఎవరమ్మా ఆ బోరింగు దగ్గర? కాసేపు ఆగమనండి."

జనం ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. అసిరమ్మ మెడ చాచి చూసింది.

"ఎవులూ లేరండి. ఊరంతా ఈడే ఉన్నాది. మీకేటైనా వంట్లో బాగులేదేటి?"

ఆయన మిగతాది గబగబా చదివి ముగించారు. ఆ రోజు పీట పొడిగా ఉంది. గ్లాసు మాత్రం అంచుదాకా నిండి ఉంది. ఆయన పోసింది ముప్పాతిక గ్లాసు, అదీ నెల్లిమర్ల నుంచి తెచ్చుకున్న సీసాలోవి. పూజ దగ్గర నీళ్ళు పారబొయ్యకూడదు కదా. కళ్ళకద్దుకుని ఒక గుక్క తాగారు.

తియ్యగా ఉన్నాయి.

ఏడోవారం ఆయన భార్యకి చెప్పి బయల్దేరారు. అంతా చెప్పారు. ఆవిడ విని, ఏడవలేదు, తిట్టలేదు. "నాకు పన్నెండేళ్ళు చెప్పలేదు కదా మీరు," అని మాత్రం అంది. గుమ్మం దాకా వచ్చి ఉత్తరీయం సరిచేసింది.

కౌముది ముందువరసలో ఉంది. నరసింహంగారు పీట వేశారు, నీళ్ళు పెట్టారు.

"పోయినవారం నేను ఒక అధ్యాయం వదిలేశాను. మర్చిపోయి కాదు. ఇవాళ అది చదువుతాను," అన్నారు.

చదవడం మొదలుపెట్టారు.

"నా పేరు బుల్లమ్మండి. నా మోకాల్లు వంగవు. కూకోవాలంటే ముందల ఎడమసెయ్యి నేలకి ఆనించి, అప్పుడు సతికిలబడతాను. మొదుట్లో మా ఆయన నవ్వీవోడు, ఏనుగు కూకున్నట్టు కూకుంతావే అని. తరవాత నవ్వడం మానీసినాడు."

పుస్తకంలో మాటలే అవి. గొంతు నరసింహంగారిదే, కాని ఆ విరుపులూ, ఆ దీర్ఘాలూ ఆయనవి కావు. ఆయనకి తెలుస్తూనే ఉంది. మాట చివర చిన్నగా ఆయాసం వస్తోంది. ఆయనకి ఆయాసం లేదు. వెనకవరసలో ఒక ముసలామె "రామ రామ" అంది. జగన్నాధం గోడ వదిలి నిలబడ్డాడు.

"ఆ బోరింగు నీల్లు తియ్యగుంటాయండి. ఎంత తాగినా తాగాలనిపిస్తాది. ఏటమ్మా? ఈ నీల్లు తాగొద్దని ఎవులైనా సెప్పినారా అనా? ఒకపాలి ఒకాయనొచ్చి సెప్పినాడు. ఎవులికి సెప్పినాడో నాను సూసినాను. మరి తాగొచ్చా బాబూ అని ఆ పెద్దాయన్ని అడిగినాను. పూజ సేసీసినాం కదమ్మా, దోసం పోనాది అన్నారు. మంచోరే. పేరు సెప్పమనకు తల్లీ. సెప్తే ఆయనకి సిగ్గేస్తాది."

పేజీ అక్కడ అయిపోయింది.

నరసింహంగారు పుస్తకం పక్కన పెట్టారు. అప్పుడు వచ్చిన గొంతు ఆయనదే, పీలగా.

"పేరు నేను చెబుతాను. ఆ పెద్దాయన నేనే. కోవెల ముందరి బోరింగుకి ఎర్ర రంగు వేశారు. పసుపు కింద అది ఉంది. నాకు చెప్పారు. నేను మీకు చెప్పలేదు."

కౌముది నోటి మీద చెయ్యి పెట్టుకుంది. గాలి లేదు, దీపం మాత్రం ఒరిగింది.

మొదట మాట్లాడింది అసిరమ్మ. గొంతులో కోపం లేదు, అదే ఆయన భరించలేకపోయారు.

"ఇయ్యాల కూడా ఆ నీల్లతోనే వండినాను పంతులుగారు. బడి గుంటలు అందరూ తిన్నారు. ఒకడు రెండోపాలి అడిగితే ఏసినాను."

జగన్నాధం అరుగు దగ్గరికి వచ్చాడు. పంతులుగారి వైపు కాదు, పీట వైపు చూస్తూ మాట్లాడాడు.

"నాకు తెలుసు. సచ్చీముందు సెప్పింది. పెద్దాయన, ఊర్లో పరువు తియ్యకు, నా మీద ఒట్టు అంది. ఒట్టెయ్యకే, గుంటలు తాగతన్నారు అన్నాను. ఇన్లేదు. రెండేల్లు నోరు కట్టీసుకుని కూకున్నాను. మీరొక్కరే కాదు పంతులుగారు. నానూ సెప్పలేదు."

ఇద్దరు మగవాళ్ళూ ఒకరినొకరు చూసుకోలేకపోయారు. మంచితనం కూడా ఒక్కొక్కసారి ఎంత పని చేస్తుందో. ఆ చనిపోయినావిడ మర్యాద, ఈయన సిగ్గు, అతని ఒట్టు, మూడూ కలిసి ఆ బోరింగుని కాపాడుతూ వచ్చాయి. దేవుడు చూస్తూనే ఉన్నాడు కదా, మరి ఆయన ఎందుకు చెప్పలేదు? చెప్పలేదని మనం ఎలా అనగలం?

అసిరమ్మ లేచింది. ఆమె వెనకాల అందరూ లేచారు. కోవెల మెట్లు దిగి బోరింగు దగ్గరికి నడిచారు. ఎవరో కొబ్బరిపీచు తెచ్చారు. అసిరమ్మ రుద్దడం మొదలుపెట్టింది. పన్నెండేళ్ళ పసుపు పొరలు పొరలుగా, ఎండిన బెరడులాగ ఊడివచ్చింది. ఒక పొర కింద ఇంకో పొర. చివరికి, పీచు కింద, ఎరుపు.

అప్పుడే పిడి కదిలింది.

దాని మీద ఎవరి చెయ్యీ లేదు. మెల్లగా పైకి లేచింది, మెల్లగా దిగింది. కిర్రు, ధబ్. ముక్కులోంచి నీళ్ళు సన్నగా పడ్డాయి. మళ్ళీ లేచింది. జనం వెనక్కి తగ్గారు. ఒక తల్లి పిల్ల కళ్ళు మూసింది. కౌముది చదువుకున్న మనిషి, అయినా ఒక అడుగు వెనక్కి వేసింది.

అసిరమ్మ మాత్రం వెనక్కి తగ్గలేదు. ముందుకి వంగి, మనిషి మణికట్టు పట్టుకున్నట్టు, ఆ పిడిని రెండు చేతులతో పట్టుకుంది.

"సాల్లే వదినా," అంది. "అందరం ఇన్నాం. ఇంక ఒగ్గీ."

పిడి ఆమె చేతుల్లో ఒక్కసారి వణికి, ఆగిపోయింది. జగన్నాధం తువ్వాలు తీసి పిడిని స్తంభానికి కట్టేశాడు. ముడి మీద ముడి వేశాడు.

నరసింహంగారు ఆ జనంలోనే ఒక పక్కన నిలబడి ఉన్నారు. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. ఆయనతో ఎవరూ మాట్లాడలేదు. ఆఖరి బస్సుకి ఆయనకి దారి ఇచ్చారు, అంతే.

మర్నాడు తెల్లవారుతూనే మొదటి బస్సు దిగి ఆయన బడి దగ్గరికి వెళ్ళారు. అసిరమ్మ రెండు ఇత్తడి బిందెలు కడిగి బోర్లించుకుని ఉంది. ఆయన్ని చూసి ఒక బిందె అటు తోసింది. ఇద్దరూ గెడ్డ అవతల నేలబావికి నడిచారు. జీడితోటల మధ్య మైలు దారి. ఎదురుపడినవాళ్ళు అసిరమ్మని పలకరించారు, ఆయన్ని పలకరించలేదు. తిరుగుదారిలో ఉత్తరీయం చుట్టగా చుట్టి భుజం మీద పెట్టుకున్నా బిందె అంచు కోసుకుపోయింది. నీళ్ళు వీపు మీదికి కారుతున్నాయి. రెండుసార్లు దించి, రెండుసార్లు ఎత్తుకున్నారు. మూడోసారి దించితే అసిరమ్మ ఆగింది.

"రేపు వస్తారేటి?"

"వస్తాను. కాలేజీ వేళకి వెళ్ళిపోతాను."

"రోజూనా?"

"కుళాయి వచ్చేవరకూ. మేడమ్ గారు ఇవాళ కలెక్టరాఫీసుకి వెళుతున్నారు."

ఆమె కొంగుతో చెమట తుడుచుకుంది. దారి మీద ఎండ అప్పుడే పడుతోంది. తోటలో ఎవరూ లేరు. అయినా ఆమె ఒక పక్కకి తొలగి, వెనక ఎవరికో దారి ఇచ్చినట్టు నిలబడి, తర్వాత నడక మొదలుపెట్టింది.

"లక్ష్మివారం పుస్తకం మానీకండి," అంది. "ఇంకో కత ఉన్నాది కదా. ఎదురుసూస్తారు."

ఎవరని ఆయన అడగలేదు. బిందె ఎత్తుకున్నారు.